బావకు బద్లీగ స్పెయిన్ పోయినోళ్లు

నా ఫోనుకు బుద్ధి లేదు. పొద్దుగాల రొట్టెల పిండి పిసుక్కుంట ఏదన్న భజన విందామని తెరుస్తనా, అది నాకు స్పెయిన్ చూపెడ్తది. గుట్టలు, గుట్టల నడుమ సన్నటి తారు రోడ్డు, రోడ్డు మీద మనిషి లేడు గొడ్డు లేదు, ముందట ఒక సైకిల్ హ్యాండిలు మాత్రం ఊగుకుంట పోతుంటది. ‘ఇది మీకు నచ్చుతది’ అన్నట్టు పైన పెట్టి చూపెడ్తది. నాకెందుకు నచ్చుతదే? నేను సూరత్‌ల, బమ్రోలి కాడ మెస్సు నడిపేదాన్ని. నాకు ఉల్లిగడ్డల ధర దిగితే నచ్చుతది, గ్యాసు బండ టైముకొస్తే నచ్చుతది. స్పెయిన్ నచ్చినాయన వేరే. ఆయన మొన్న ఊర్ల కాలం చేసిండు. కబురు నాకొచ్చింది గని ఫోనుకు రాలేదు. అది ఇంకా ఆయన కోసం రోడ్లు ఏరుకొస్తనే ఉన్నది.

ఆయన పేరు అడగకుండ్రి. నాకు మేనబావ వరుస, దూరపు చుట్టరికం. మాది సిరిసిల్ల దిక్కు. మా మెస్సుల తినేటోళ్లు కూడ ఆ దిక్కోళ్లే, సూరత్‌ల సాంచెలు నడుపుతరు. సాంచెలంటే పవర్లూములే, మాకు ఆ మాటనే అలవాటు. నేను బావా అని పిలిస్తే విని అందరు బావా అనుడు మొదలువెట్టిండ్రు. ఆఖరికి కార్ఖాన సేఠ్ కూడ అదే ఆయన పేరనుకొని ‘బావ్, బావ్’ అని పిలిచేటోడు. బావ ఎన్నడు కాదనలేదు. గుజరాతీ సేఠ్‌కు బావ అయినందుకు లోపల లోపల ఖుషీ పడేటోడు.

ఆయనను చూసేకంటే ముందు వినాలె. సాంచెల నడుమ బతికినోళ్లకు చెవులు సగం పోతయి, బావకు ముప్పావు పోయినయి. ఉప్పు అడిగినా ఊరేగింపుల ఒర్రినట్టు అడుగుతుండె. లేకపోతే అసలు నోరే తెరువకపోతుండె, కార్ఖానల లెక్క చేతులతోటే మాట్లాడేటోడు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు కావాలె. అరచెయ్యి బోర్లిస్తే ఇగ చాలు. రెండు చేతులు గిర్రున తిప్పితే ‘నడువనీ’. ఆ నడువనీ ఆయనకు అన్నిటికీ మందు. “సాంచె ఆగొద్దు” అనేటోడు. కరెంటు పోయినా అదే మాట, ఎవరింట్లనన్న మొగడు పెండ్లాం అలిగి మాట్లాడకున్నా అదే మాట. నడిపేటోడు ఎవడన్న గానీ, సాంచె ఆగొద్దు.

అసొంటి మనిషికి పక్షవాతం తగిలి కుడి కాలు ఆగిపోయింది.

పానానికి భయం లేదన్నరు. చెయ్యి తిరిగొచ్చింది, నోరు అయితే పోనేలేదు. కాలు మాత్రం తడిసిన బస్తా తీరు ఎనుక ఈడ్సుకుంట వస్తుండె. సర్కారు దవఖానల కసరత్తు చేయించే మేడం ఉంటది, ఆమె హిందీల గట్టిగ చెప్పింది. “కాకా, రోజూ సైకిల్ తొక్కు. నీ కాలుకు నువ్వే పని చెప్పకపోతే అది ఇట్లనే పడి ఉంటది.” సేఠ్ కూడ ఒక మాట చెప్పిండు. ఆయన చెడ్డోడు కాదు, గని సేఠే. దీపావళి సెలవులైనంక లాభ్ పంచమ్ నాడు సూరత్‌ల దుకాణాలు, కార్ఖానలు పూజ చేసి మళ్ల తెరుస్తరు. “ఆ రోజు బావ్ ఎవరి సాయం లేకుండ మెట్లెక్కి పైకొచ్చి, తన సాంచెలు తనే చాలు చేసి నడిపించిండా, ఆ పని జాగ ఆయనదే. లేకపోతే నేను ఇంకొకన్ని పెట్టుకుంట” అన్నడు.

అప్పటిదాక బావ సాంచెల మీద మల్లేశ్ బద్లీగ నిలవడ్డడు. మల్లేశ్ మా మెస్సుల తినేటోడే, బావ రూములనే ఉంటడు. సొంతంగ జాగ దొరకనోడు, ఎవరికి బిమారి వస్తే వాళ్లకు బద్లీ పోయి బతికేటోడు. బద్లీ అంటే మా వాళ్లకు మొక్కు అసొంటిది. పనిచేసేది ఒకడు, హాజరి పడేది అసలు మనిషి పేరు మీద. జాగ మాత్రం అసలు మనిషిదే, దాని మీద కన్నెయ్యొద్దు. ఎంత కొట్లాడుకున్నా ఈ ఒక్క కాడ ఎవ్వరు తప్పరు. ఈ మంచి గుణమే మా కొంప ఎట్ల ముంచిందో తర్వాత చెప్త.

బావకు బుగులు పట్టుకున్నది. పైకి నడువనీ నడువనీ అని చేతులు తిప్పుతుండె గని అన్నం సగం పళ్లెంల ఇడిసిపెడుతుండె. ఆయనకు ఆ జాగ తప్ప ఇంకేం రాదు. ఊరికి పోతే ఏం చేస్తడు? పెండ్లాం బీడీలు చుట్టుకుంట కూసుంటే పక్కన కూసొని ఈగలు కొడ్తడా? ఆ మాట ఆయననే అన్నడు నాతోటి, నవ్వుకుంటనే అన్నడు.

సైకిలైతే తొక్కాలె. బమ్రోలి రోడ్డు మీద తొక్కుమంటే పక్షవాతం కంటె ముందు టెంపో వచ్చి పట్కపోతది. అప్పుడు ఇంజనీరు సారు అక్కరకొచ్చిండు. హజీరాల పెద్ద కంపెనీల పనిచేసే ఆంధ్రాయన, ఐతవారం ఐతవారం మా మెస్సుకు గోంగూర కోసం వచ్చేటోడు. కత విని, “మా ఇంట్లో కదలని సైకిలు ఒకటుందండి. కసరత్తుకని కొన్నాను. ఇప్పుడు మా ఆవిడ దానిమీద తువ్వాళ్లు ఆరేస్తోంది. తీసుకెళ్లండి, పుణ్యముంటుంది” అన్నడు. తెచ్చి మెస్సుల టీవీకి ఎదురుంగ పెట్టినం. సారు ఎత్తుకు తగ్గట్టు సీటు సవరించి, రిమోటు తీసుకొని, నా ఫోనుతోటి కలిపి ఉన్న టీవీల యూట్యూబు తెరిచి ఏందో ఎతికి పెట్టిండు.

“ఊరికే గోడ చూస్తూ తొక్కితే విసుగండి. నేనూ ఇదే పెట్టుకునేవాణ్ణి. స్పెయిన్ పల్లెటూళ్లు. ట్రాఫిక్ ఉండదు, హారన్లుండవు. ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూడండి.”

“మీరు ఎంత దూరం పోయిండ్రు సారూ?” అన్నడు బావ.

సారు మెడ గోక్కున్నడు. “మొదటి మలుపు దాకా వెళ్లానండీ.”

బావ చెప్పులు ఇప్పి, కాళ్లు తుడుసుకొని, మల్లేశ్ ఎత్తి కూసోబెడితే సైకిలెక్కిండు. ఎడమ కాలు తొక్కుతుంటే కుడి కాలు పెడలు మీద ఉత్తగ కూసొని సవారి చేస్తుండె. రోడ్డు కదిలిందో లేదో బావ ఒక్కటే ఒర్రుడు. “సారూ, ఉల్టా దిక్కుకు పోతున్నం! ఎడమకు తియ్యిండ్రి!” అక్కడ కుడి దిక్కే పోవాలని సారు ఎంత చెప్పినా వినడు. మనిషి మొత్తం ఎడమకు ఒరిగి, టీవీని కూడ ఎడమకు గుంజుతున్నట్టు దవడ తిప్పి తొక్కుతుండు. మూల బల్లల కాడ కూసొని తినేటోళ్లు భయపడి పళ్లాలు పట్టుకొని లేచిండ్రు.

ఇగ ఒక ఊరొచ్చింది. తెల్ల సున్నం గోడలు, ఎర్ర పెంకలు, బాల్కనీలల్ల పూల కుండీలు. తలుపులన్నీ మూసి ఉన్నయి. బావ ఆ సందు, ఈ సందు చూసిండు.

“మంది ఏరి సారూ? కర్ఫ్యూ పెట్టిండ్రా?”

“అక్కడ పల్లెల్లో జనం తక్కువండి. అంతా పనుల కోసం పట్నాలకి వెళ్లిపోయారు.”

బావ తొక్కుడు ఆపిండు. ఒక్క గడియ మస్తు సీరియస్‌గ ఆ మూసిన తలుపులను చూసిండు. “వీళ్లు కూడనా” అన్నడు. “అందుకే మొన్న పాండేసరల, మన కార్ఖాన కాడ, తెల్లోడు ఒకడు కనిపించిండు.”

ఆ తెల్లోడు ఎవరో, మిషన్లు అమ్ముకోనీకె వచ్చినాయన కావొచ్చు. బావ మాత్రం ఆ దినం నుంచి స్పెయినోళ్లను సొంత మనుషుల లెక్కన చూసుడు మొదలువెట్టిండు. ఆ ఊరి మొగోళ్లందరు ఏడనో ఒక కాడ సాంచెల మీద ఉన్నరని ఆయన నమ్మకం. ఖాళీ ఇంటి ముందట పోతుంటే “పాపం, దీపావళికన్న వస్తరో లేదో” అనేటోడు. గొర్ల మంద అడ్డమొస్తే, సైకిల్‌కు గంట లేదని, పక్కన స్టీలు గ్లాసు పెట్టుకొని చెంచాతోటి టన టన కొడుతుండె. గొర్లు జరిగినయి అనుకో, “చూసినవా, మన గంట విన్నయి” అని నా దిక్కు చూసి కన్ను కొట్టేటోడు. గుట్ట మీద చలి ఉంటదని మంకీ టోపీ తెప్పించుకున్నడు. సూరత్ ఉక్కపోతల, నెత్తికి ఉన్ని టోపీ, మెడల తువ్వాల, చెమటలు కారుకుంట మనిషి స్పెయిన్ పోతుండు. మెస్సుకు కొత్తగ వచ్చినోళ్లు నన్ను ఎనుకకు పిలిచి, “ఆయనకు కాలేనా, ఇంకేదన్న ఉన్నదా” అని అడిగేటోళ్లు.

ఇంకొక తిక్క ఉండె. నిన్న ఏ మలుపు కాడ దిగిండో, ఇయ్యాల అదే మలుపు కాడ ఎక్కాలె. ఒకపారి ఎవరో క్రికెట్ చూసి మళ్ల వీడియో మొదటినుంచి పెట్టిండ్రు. బావ మొఖం వాడిపోయింది. “ఎక్కిన గడ్డ, అంత ఎత్తు, మళ్ల ఎక్కాల్నా? పోగు తెగిన కాడ ముడేస్తరు గని, బట్ట మొత్తం మళ్ల నేస్తరారా?” అని కొట్లాటకు దిగిండు. అంతే, దిగిన మలుపు ఎతికి మళ్ల అక్కడికే తెచ్చి పెట్టిండ్రు. అది వాళ్లకు తెలిసిన న్యాయమే గదా.

ఇట్ల కొన్ని దినాలు మంచిగనే నడిచింది. ఒకనాడు బావకు జరమొచ్చింది. ఆ పొద్దు సైకిల్ ఖాళీ. టీవీల ఒక చర్చి కాడ రోడ్డు ఆగిపోయి ఉన్నది. మల్లేశ్ పాలి దిగి అన్నానికొచ్చిండు, పాలి అంటే షిఫ్టు. ఆగిపోయిన రోడ్డును చూసిండు. వానికి మనసున పట్టలేదు. చేతులు కడుక్కొని సైకిలెక్కిండు. తర్వాత రూముకు పోయి, “బావా, నువ్వు ఫికర్ చెయ్యకు. నీ స్పెయిన్ ఆగలే. చర్చి దాటిచ్చి, వంతెన దాక తెచ్చి పెట్టిన” అని చెప్పిండట. జరంల పండుకున్నాయన లేచి కూసొని వాని చెయ్యి పట్టుకున్నడట.

ఇగ చూస్కోండ్రి. జరం తగ్గింది గని బద్లీలు తగ్గలేదు. పొద్దటి పాలి దిగినోళ్లు ఒకలు, రాత్రి పాలి పోయేటోళ్లు ఒకలు, వరుస కట్టి తొక్కుడు. బావ పక్కన కుర్చీల మంకీ టోపీ పెట్టుకొని కూసొని, ఛాయ్ తాగుకుంట, “మెల్లగ, మెల్లగ, ముందట కంకర ఉన్నది” అని దారి చెప్పుడు. నా వంటిల్లు గోడ అవుతల. నాకు పొద్దంత కర్ర్ కర్ర్ అని చక్రం సప్పుడు వినిపిస్తుండె. అయ్యో, మనిషి ఎంత పట్టుదలతోటి తొక్కుతుండు అని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగేటివి. రోజూ ఆయన పళ్లెంల ఒక గుడ్డు ఎక్కువ ఏసిన. ఆయన సప్పుడు చెయ్యక తిన్నడు, అది చూడుండ్రి!

దవఖానకు తీస్కపోయినం. మేడం పిక్కకు టేపు చుట్టి చూసింది, మోకాలు ముడిపించి చూసింది. “కాకా, తొక్కుతున్నవా?” అన్నది. “బరాబర్ మేడం, ఎనిమిది ఊర్లు దాటినం” అన్నడు బావ. మేడం నా మొఖం చూసింది, నేను మల్లేశ్ మొఖం చూసిన. కాలు నూలు పోగంత కూడ మారలేదు. సరిగ్గ అదే టైముకు మల్లేశ్ లుంగీ ఎగ్గట్టి కిందికి వంగిండు. వాని పిక్కలు చూడాలె, కుండల లెక్కన ఉన్నయి!

మెస్సుకు రాంగనే అందర్ని నిలవెట్టిన. చేతుల గరిటె ఉన్నది.

“ఎవడు తొక్కిండురా?”

“అందరం, అక్కా.”

“కాలు ఎవలిది?”

“బావది.”

“మరి మీరెందుకు తొక్కిండ్రు?”

మల్లేశ్ నెత్తి గోక్కున్నడు. నిజంగ అర్థం కాలేదు వానికి. “బద్లీ పోయినం అక్కా. హాజరి బావదే గదా. మేం ఒక్క ఊరు కూడ మా పేరు మీద తీసుకోలే. ఒట్టు.”

ఓరి దేవుడా! ఏం చెప్పాలె వీళ్లకు? నాకు నవ్వొస్తాంది, ఏడుపొస్తాంది, గరిటె ఎవని నెత్తిన ఏద్దామా అని ఉన్నది. ఐతవారం కాకపోయినా ఆ దినం వచ్చిన ఇంజనీరు సారు, గోంగూర కలుపుకుంట అన్నీ వింటుండె. ఆయనకు నవ్వు ఆగక ఎక్కిళ్లు పట్టినయి. నీళ్లు తాగి, నేను చెప్తానుండండి అని మల్లేశ్‌ను పక్కన కూసోబెట్టుకున్నడు. “చూడు మల్లేశ్, కండ అనేది తొక్కినవాడికే పెరుగుతుంది. నీ హాజరీ లెక్క దానికి తెలియదు.”

“సారూ, మీరు సెలవు పెట్టిండ్రనుకోండ్రి. మీ పని పక్క సారు చేసిండు. జీతం ఎవలకొస్తది?”

“నాకే వస్తుంది.”

“మరి?”

సారు ఇంకొక ముద్ద కలుపుకున్నడు. “ఆవకాయ ఉందా అమ్మా” అన్నడు.

అందరు పోయినంక, మధ్యాహ్నం, మెస్సు ఖాళీ. బావ బల్ల మీద కూసొని కుడి కాలుకు నూనె రాసుకుంటుండు. కోపంగ పోయి ఎదురుంగ కూసున్న. నాలుగు మాటలు అందామనే పోయిన. ఆయననే మొదలువెట్టిండు. ఒర్రలేదు. ఆయన అంత మెల్లగ మాట్లాడుడు నేను ఎన్నడు వినలేదు.

“మరదలా, నేను ఎక్కితే కాలు పెడలు మీద ఉన్నదా లేదా అని వంగి చూసుకోవాలె. చూడకపోతే ఎర్కే కాదు. మల్లేశ్ తొక్కుతుంటే మాత్రం, రోడ్డు పోతుంటది గదా, నేనే పోయినట్టు ఉంటది. కాలు మంచిగున్నట్టే ఉంటది.”

నేను నూనె గిన్నె ఆయన దిక్కు జరిపిన.

“లాభ్ పంచమ్ నాడు మెట్ల మీద పడితే? అందరి ముందట పడితే ఎట్ల?”

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు మీద కోపమొచ్చింది. కోపం నోటికొచ్చింది. “అయితే మెట్లెక్కుడుకు కూడ మల్లేశ్‌నే పంపు. వాడెక్కుతడు, నువ్వు కింద కూసొని మెల్లగ, మెల్లగ అని చెప్పు. సేఠ్ నీకే హాజరి ఏస్తడు. సాంచెలు కూడ వాడే నడుపుతడు, ముసలితనం కూడ వాడే పడుతడు. నువ్వు ఇట్లనే టోపీ పెట్టుకొని కూసో.”

బావ తల దించుకొని నూనె చేతులు చూసుకున్నడు. ఆ రెండు చేతులే ఎత్తి, మెల్లగ, ఒక్కపారి గిర్రున తిప్పిండు. నడువనీ.

ఆ దినం నుంచి బద్లీ బంద్. ఎవడన్న సైకిల్ ముట్టుకుంటే అన్నం బంద్ అని చెప్పిన. బావ ఎక్కి కూసున్నంక, ఎక్కడి దాక వచ్చినమని చూస్తే, ఎదురుంగ ఇంత పెద్ద గడ్డ! ఒక మలుపు మీద ఒక మలుపు, పాము పండుకున్నట్టు పైకి పోతాంది. అప్పుడు బయటపడ్డది. ఈ బద్లీలు సాపు రోడ్డంత తొక్కిండ్రు గని, గడ్డ రాంగనే ‘నా పాలి అయిపోయింది’ అని దిగిపోయిండ్రు. తర్వాత ఎక్కినోడు కూడ ‘నాది ఇక్కడిదాకనే’ అని దిగిండు. గడ్డ మొత్తం అట్లనే బావకు మిగిలింది. వాళ్లు సిగ్గుతోటి నేల చూపులు చూస్తుంటే, బావ మాత్రం నవ్విండు. “పోనీ, అసలుది నాకే ఉంచిండ్రు” అన్నడు.

ఇంకొక తిరకాసు ఉన్నది. సైకిల్ ఆగినా టీవీల రోడ్డు ఆగది, దాని తానుగ అది పోతనే ఉంటది. బావ దమ్ము తీసుకునే లోపట రెండు మలుపులు దాటిపోతుండె. “ఆపు, ఆపు! నేను లేకుండనే పోతాంది!” అని ఒర్రేటోడు. అందుకని రిమోటు నేను పట్టుకున్న. ఆయన తొక్కితే నడుపుడు, ఆయన ఆగితే ఆపుడు. ఎల్లిగడ్డలు ఒలుసుకుంట, ఒక చెయ్యి రిమోటు మీద పెట్టుకొని, ఆ స్పెయిన్ మొత్తానికి నేనే బ్రేకు. ఇప్పటికీ ఆ రిమోటు ఎల్లిగడ్డ వాసనొస్తది.

ఒక మలుపు కాడ ఇంటి ముందట కుర్చీ ఏసుకొని ఒక ముసలాయన కూసొని ఉంటడు. సైకిలాయనను చూసి చెయ్యి ఎత్తుతడు. బావ కూడ చెయ్యి ఎత్తి “రాంరాం కాకా” అన్నడు, “జర ఇక్కడ ఆపు” అని నాకు సైగ చేసిండు. దమ్ము తీసుకోవాలంటే ఆయనకు ఆ ఇల్లే. “మంచి మనిషి. ఊరంత పోయినా ఈయన పోలే” అనేటోడు. ఎదురుంగ టీవీల ముసలాయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండె. ఇద్దరు ఒకరినొకరు చూసుకుంట కూసునేటోళ్లు. నేను ఛాయ్ పెట్టుకొస్తే, “ఆయనకో?” అనేటోడు ఈ మనిషి!

మా వాళ్లు చుట్టూ నిలవడి ఒర్రుడే గని ముట్టుకోలే. మల్లేశ్ మాత్రం సైకిల్ కింద ఉండే బిగించే పిడి కాడ కూసునేటోడు. గడ్డ నిక్కితే దాన్ని జర బిగిస్తడు, బావ మొఖం చూసి జర ఒదులుతడు. కుడి కాలు ఒకనాడు కదిలింది. కదిలిందా, మా కండ్లకు అట్లనిపించిందా అని అందరం కిందికి వంగి చూసినం. మళ్ల కదిలింది. మల్లేశ్ బయటికి ఉరికి పోయి గోడకు మొఖం పెట్టుకొని ఏడ్చిండు. కొన్ని దినాలకు బావ వంగి చూసుకునుడు మానిండు. దీపావళి దగ్గర పడ్డంక గడ్డ కొన ముట్టిండు. మేమందరం చప్పట్లు కొడుతుంటే రోడ్డు మలుపు తిరిగింది. అవుతల దీనికంటే పెద్ద గడ్డ! బావ తిట్టిన తిట్లు రాయలేను, నేను ఆడమనిషిని.

లాభ్ పంచమ్ వచ్చింది. కార్ఖాన పాండేసరల. కింద గోదాము, పైన సాంచెలు, నడుమ ఇనుప మెట్లు, నిచ్చెన తీరు నిక్కి ఉంటయి. గుమ్మానికి బంతిపూలు, షటరు మీద కుంకుమతోటి స్వస్తిక్, మెట్ల కాడ కుర్చీ ఏసుకొని సేఠ్ పాలకోవ పేడాలు పంచుతుండు. బావ ఇస్త్రీ అంగి ఏసుకొని వచ్చిండు. మంకీ టోపీ నేనే గుంజి దాచిన.

“ఆవో బావ్” అని సేఠ్ మెట్ల దిక్కు చెయ్యి చూపెట్టిండు.

బావ రెయిలింగ్ పట్టుకొని మొదటి మెట్టు ఎక్కిండు. అప్పుడు నేను మల్లేశ్‌ను చూసిన. వాని భుజానికి సంచి ఉన్నది, లోపల ఇన్నాళ్లు ఆ సాంచెల కాడ పెట్టుకున్న లుంగీ, కత్తెర. ఒక్కసారి నాకు చెంప మీద కొట్టినట్టయింది. బావ పైకి ఎక్కిండంటే వీని జాగ పోయినట్టే గదా! ఇన్నాళ్లు కింద కూసొని పిడి తిప్పినోడు, బావ కాలు కదిలితే గోడకు మొఖం పెట్టి ఏడ్చినోడు, ఈ సంగతి వానికి ఎర్కలేదా? ఎర్కనే. మా అందరికంటె ముందు వానికే ఎర్క. గొంతు చించుకొని ఒర్రుతున్నది కూడ వాడే. “తొక్కు బావా, తొక్కు!”

సగం మెట్ల కాడ బావ ఆగిండు. కుడి కాలు వణుకుతాంది, కింది నుంచి కూడ కనిపిస్తాంది. మల్లేశ్ కాలు దానంతట అది మొదటి మెట్టు మీదికి పోయింది. నేను వాని అంగి కాలరు పట్టుకొని ఎనుకకు గుంజిన. “ముట్టుకున్నవంటే సంపుత” అన్న. సేఠ్ చేతుల పేడా చేతులనే ఉన్నది. బావ కిందికి చూడలే. కాలును కూడ చూడలే. పైకి చూసుకుంట, కుడి కాలును లేపి మెట్టు మీద పెట్టిండు, దాని మీద మనిషి మొత్తం లేచిండు. ఇంకొకటి. ఇంకొకటి. తలుపు దాటి లోపలికి పోయిండు.

మేం కింద చెవులు రిక్కించి నిలవడ్డం. జర సేపు ఏం లేదు. తర్వాత ఒక సాంచె చాలు అయింది. దాని పక్కది. దాని పక్కది. మా వాళ్లకు సప్పుడు వింటే చాలు, ఎవలి వరుస నడుస్తుందో ఎర్కయితది. వరుస మొత్తం లేచేసరికి ఇనుప మెట్లు దడదడ అదురుతున్నయి. మల్లేశ్ సంచి భుజం మీద సర్దుకొని, “బావ వరుస చాలు అయింది అక్కా” అన్నడు. నవ్వబోయిండు గని నవ్వు సరిగ్గ రాలేదు.

అంతల బావ పైన తలుపుల కనిపించిండు. చెమటతోటి తడిసిపోయిండు, ఒక చెయ్యి చౌకట్టును పట్టుకున్నది. ఆయనకు తెలిసింది ఆ ఒక్క గొంతే గదా, సాంచెల సప్పుడు మీంచి ఒర్రిండు. “మల్లేశా! రా, బద్లీ!”

సేఠ్ కుర్చీల నుంచి లేచిండు. “అరే బావ్, అభీ తో గయా!” ఇప్పుడే గదా ఎక్కినవు అని ఆయన పరేషాన్.

“సేఠ్, ఆధా పాలి మై, ఆధా పాలి యే. సాంచా నహీ రుకేగా. హాజరి దోనోం కీ.” సగం పాలి తను, సగం మల్లేశ్, హాజరి ఇద్దరిది అన్నట్టు.

సేఠ్ బావను చూసిండు, మల్లేశ్‌ను చూసిండు, పైన నడుస్తున్న సాంచెలను విన్నడు. చేతుల ఉన్న పేడా మల్లేశ్ నోట్ల పెట్టి, “మేరా సాంచా నహీ రుక్నా చాహియే, బస్” అన్నడు, ఆయనది కూడ సాంచె ఆగొద్దు మాటనే. మల్లేశ్ సంచి నా చేతుల పడేసి రెండు రెండు మెట్లు దునుకుకుంట పైకి పోయిండు.

బావ మాత్రం తలుపులనే నిలవడి కిందికి చూస్తుండు. మెట్లు చూస్తుండు, మమ్ముల చూస్తుండు. దిగు బావా, అన్నం తిందువు అని నేను పిలిచిన.

“ఎట్ల దిగాలె?” అన్నడు. “ఇన్ని దినాలు ఎక్కుడే నేర్పినవు గదా!”

నిజమే. గడ్డ దిగుడు మాకెవరికి మతికి రాలేదు. సేఠ్ నెత్తి కొట్టుకున్నడు. మల్లేశ్ సాంచెలు పక్కోనికి అప్పజెప్పి, వంగి, బావను వీపు మీద ఎత్తుకొని దించుకొచ్చిండు. బావ వాని మెడ చుట్టు చేతులేసి, “జరుగుండ్రి, జరుగుండ్రి” అని అందర్ని అదిలించుకుంట వస్తుండు. కార్ఖాన మొత్తం పడీ పడీ నవ్వింది. నేను కూడ నవ్విన, కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన.

దిగింది మల్లేశ్ వీపు మీద. ఎక్కింది మాత్రం ఆయనే. ఎవ్వరు ముట్టుకోలేదు. నేను మెట్ల కిందనే నిలవడి కండ్లార చూసిన.